పన్నూడిన సుత్తి

నేను ఒక సుత్తిని. ఎద్దుల కాళ్ళకు నాడాలు కొట్టే సుత్తిని. తూకం అరవీశెకు తక్కువ. పిడి తుమ్మకర్ర. మూతి అంచున గింజంత పెచ్చు ఊడిపోయి ఉంటుంది. నన్ను చేతిలోకి తీసుకున్నవాడు ఎవడైనా మొదట ఆ పెచ్చునే చూస్తాడు. చూడనివ్వండి. మా వాళ్ళలో రథాలకు సీలలు బిగించినవి ఉన్నాయి, కోట తలుపులకు మేకులు కొట్టినవి ఉన్నాయి. కోర్టులో సాక్ష్యం చెప్పింది మాత్రం నేనొక్కదాన్నే.

నా తల్లి రైలు పట్టా. గుంతకల్లు వైపు పాత పట్టాలు తీసి కొత్తవి వేస్తున్న రోజుల్లో ఒక మూరెడు ముక్క కంబగిరి ఆచారి కొలిమికి చేరింది. ఎలా చేరిందని ఆచారి అడగలేదు. మనుషులు ఇనుము పుట్టుపూర్వోత్తరాలు అడగరు. ఆ మర్యాద వాళ్ళు తమలో తాము పాటించరు.

ఆచారి నన్ను మూడుసార్లు కాల్చి, మూడుసార్లు సాగదీసి, నాలుగోసారి నీళ్ళలో ముంచాడు. టిక్కుమంది. ఆయన పటకారుతో పైకి తీసి చూసి, తల పట్టుకున్నాడు. మూతి అంచు నుంచి పెచ్చు లేచిపోయింది.

"థూ! పొద్దున ఎవురి మొగం చూసినానో" అన్నాడు.

కొలిమి ముందు గొంతుక్కూర్చున్న మనిషి నవ్వాడు. "నా మొగమే చూసినావు ఆచారీ. నేను కోడి కూయకముందే వచ్చి కూర్చుంటిని."

"మల్లీ కాలుస్తాలే లాలప్పా. రేప్పొద్దున రా."

"రేపు నేను ఈడుండను. ఇట్లనే ఇయ్యి."

"పెచ్చుపోయిన సుత్తి అమ్మినాడని నా పేరు చెడుతుంది."

"నీ పేరు యాడా చెప్పనులే."

లాలప్ప మాట నిలబెట్టుకున్నాడు. కంబగిరి ఆచారి పేరు కోర్టులో నా పుట్టుక గురించి అడిగినప్పుడే మొదటిసారి బయటికి వచ్చింది. అప్పటికి అది చెడే పేరు కాదు.

లాలప్పకు ఊరు లేదు. ఒక ఆడ తట్టుగుర్రం, దాని పేరు రంగి. ఒక గోనెసంచి, ఒక తాడు, ఒక పటకారు, గిట్టలు చెక్కే ఉలి, నేను. తుంగభద్రకు ఆనకట్ట లేని రోజులవి. ఏటి పొడుగునా రాతిబాటలు. ఆ బాటల్లో నాడా లేని ఎద్దు రెండు ఆమడలు నడవలేదు. ఎద్దును తాడుతో పడదోసి, నాలుగు కాళ్ళు కలిపి కట్టి, గిట్టలు పైకి వచ్చేలా కర్ర ఆనించి, లాలప్ప పనికి కూర్చునేవాడు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి కాలికి రెండు నాడాలు, ఎద్దుకు ఎనిమిది. కొడుతున్నంతసేపూ కూనిరాగం తీసేవాడు. ఎద్దుకు భయం పోవడానికి అనేవాడు. ఎద్దుల సంగతి నాకు తెలియదు, నాకు మాత్రం అలవాటైంది.

అతని పనిలో ఒక పద్ధతి ఉంది. మేకును నాలుగు దెబ్బల్లో దింపేవాడు. మూడు నా నడిమూతితో. నాలుగోది, మేకు తల నాడా గుంటలోకి కూర్చోవడానికి, కొంచెం వాల్చి నా అంచుతో. ఆ అంచునే పెచ్చు ఊడింది. అందువల్ల నేను కొట్టిన ప్రతి మేకు తలమీదా బియ్యపుగింజంత మిట్ట మిగిలేది. తల గుంటలో ఉంటుంది కాబట్టి నాడా అంచు అరిగినా ఆ గింజ అరగదు.

లాలప్పకు ఒక నియమం కూడా ఉంది. కాలు చూడాలి, మొగం చూడకూడదు. ఆ ఎద్దు ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చింది, పట్టుకొచ్చినవాడు ఎందుకు కంగారుగా ఉన్నాడు, ఇవి తనకు అక్కర్లేని సంగతులు. ఒకసారి సిరుగుప్ప దారిలో ఒక ఎద్దుకు నాడాలు కొట్టాడు. మర్నాడు ఒక రైతు వచ్చి ఆ ఎద్దు ఆనవాళ్ళు చెప్పి, చూశావా అని అడిగాడు. చూడలేదన్నాడు. నేను సంచిలో ఉన్నాను, నాకు వినిపించింది. ఆ రైతు దండమనో ఏదో చెప్పి, వచ్చిన దారినే పోయాడు. ఆ తర్వాత నెల తిరిగి అదే దారిన వెళితే, అదే రైతు మడకకు ఒక వైపు ఎద్దును, ఒక వైపు తనను కట్టుకుని దున్నుతున్నాడు. లాలప్ప గుర్రం ఆపలేదు. ఆ రోజు నుంచి కూనిరాగం కూడా ఆపేశాడు.

మనిషి నోరు కట్టేసుకుంటే లోపల ఏమవుతుందో సుత్తికి తెలియదు. పిడి పట్టిన చెయ్యి బరువెక్కుతుంది, అది తెలుసు.

గార్లదొడ్డి అనే ఊరికి ఒక ఎండాకాలం వెళ్ళాం. అక్కడ ఉరుకుందమ్మ అనే ఆమె తన జత ఎద్దులను తోలుకొచ్చింది. మచ్చన్న, కారన్న. మచ్చన్నకు నుదుటిన తెల్లమచ్చ. ఆమె మొగుడు చలిజ్వరంతో రెండేళ్ళుగా మంచం మీద ఉన్నాడు. ఊళ్ళో ఆడవాళ్ళు మడక పట్టరు, ఆమె పట్టింది. మొదట నవ్వినవాళ్ళు పంట చూసి మానుకున్నారు.

పని అయ్యాక ఆమె వంగి ఒక్కొక్క గిట్టా చూసింది. లాలప్ప పనిని అలా చూసినవాళ్ళు అంతకుముందు లేరు.

"ఏమప్పా, నీ సుత్తికి పన్నూడిందా ఏం? మేకు తలకాయలన్నీ ఎలక కొరికినట్టుండాయి."

"పన్నూడినా పట్టు తగ్గలేదులే అక్కా. రెండు నెల్లు కదలవు."

"కదిలితే?"

"నన్ను కట్టు మడకకు."

"నిన్ను కడితే గట్టు దాటకముందే పండుకుంటావు. ఆ కాళ్ళు సూడు, కొంగకాళ్ళు!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. లాలప్ప కూడా నవ్వాడు. నాకు మాత్రం కోపం వచ్చింది. పన్నూడిన సుత్తి! ఆ పేరు నాతోనే సంచిలోకి వచ్చింది.

ఇరవై రోజుల తర్వాత మేము రేవుదొడ్డి చేరాం.

ఇవతలి ఒడ్డు తెల్లదొరల రాజ్యం, అవతలి ఒడ్డు నైజాం రాజ్యం, మధ్యలో తుంగభద్ర. వేసవిలో నడుంలోతు. ఇవతల ఫిర్యాదు అవతల చెల్లదు, అవతల వారంటు ఇవతల చెల్లదు. ఇవతల దొంగ అయినవాడు ఏరు దాటేసరికి అవతల షావుకారు. ఆ సదుపాయం కోసమే ఊరు పుట్టినట్టుంది. వారానికి ఒకరోజు పశువుల సంత. సంతకూ, రేవుకూ గుత్తేదారు ఒకడే, బసిరెడ్డి. అతను ఒక చీటీ మీద ముద్ర వేసి ఇస్తే ఎద్దు కొన్నవాడిదయిపోయేది. ఆ ఎద్దు అంతకుముందు ఎవరిదని అడగాల్సింది ఠాణా జమేదారు నరహరిరావు. ఆయన రెండు పూటలా బసిరెడ్డి ఇంట్లోనే భోంచేసేవాడు. కడుపు నిండినవాడికి ప్రశ్నలు తక్కువ.

మేము వీధిలోకి రాగానే అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. లాలప్ప నీళ్ళతొట్టి ఎక్కడని ముగ్గురిని అడిగాడు. ముగ్గురూ మొగం తిప్పుకున్నారు. రంగి తానే వాసన పట్టి తొట్టి దగ్గరికి తీసుకుపోయింది. అది నీళ్ళు తాగుతుండగా రేవు చావడిలో నులకమంచం మీద ఉన్న మనిషి పిలిచాడు.

"ఏం సాయిబూ, యా ఊరు?"

"ఏ ఊరైతే ఏం రెడ్డీ, ఎల్లుండి ఉండను గదా."

"నాడాల పని వచ్చునా?"

"ఎద్దులనడుగు."

బసిరెడ్డి నవ్వాడు. అతను నవ్వాడు కాబట్టి చావడిలో అందరూ నవ్వారు. "నీకంటే ముందు ఒకడుండె. పనోడే. కండ్లు ఎక్కువ. కాళ్ళు సూడరా అంటే కొమ్ములు సూస్తుండె. చెయ్యి ఇరిగింది, పాయె."

"నేను కాళ్ళే సూస్తా" అన్నాడు లాలప్ప.

అది అబద్ధం కాదు. బసిరెడ్డి తర్వాత చాలాసార్లు ఆ మాట గుర్తు తెచ్చుకుని ఉంటాడు.

సంత రోజు పొద్దున్నే బసిరెడ్డి మనిషి గిడ్డయ్య నాలుగు ఎద్దులను తోలుకొచ్చాడు. మధ్యాహ్నం రేవుకు అడ్డం కట్టిన తాడు తీసేసరికి అన్నింటికీ కొత్త నాడాలు పడాలి, అవతలి ఒడ్డున పదామడల రాతిబాట ఉందన్నాడు. మొదటి ఎద్దును పడదోసి కాళ్ళు కట్టారు. కొమ్ములు సగానికి కోసి చెక్కి ఉన్నాయి. తొడమీద చక్రం వాత, ఇంకా పచ్చిగా ఉంది. నుదురు నల్లగా ఉంది, జీడిగింజ నూనె వాసన వేసింది. లాలప్ప అవేవీ చూడలేదు. గిట్ట చూశాడు.

నేనూ చూశాను. మేకు తలమీద గింజ. దాని పక్క మేకు తలమీద గింజ. నా చేతిరాత నేను గుర్తుపట్టనా?

రేవుదొడ్డి వాళ్ళు ఎద్దుకు ముందువైపు మార్చారు, వెనకవైపు మార్చారు, పేరు కూడా మార్చి ఉంటారు. నాడాలు మాత్రం వదిలేశారు. దొంగిలించిన ఎద్దు నాలుగు రోజులు రాళ్ళలో నడవాలి కదా, నాడాలు పీకితే కుంటుతుంది. తీరా ఊరు చేరాక పీకించడానికి పిలిచింది వాటిని కొట్టినవాణ్ణే.

"ఏమి ఇట్ల సూస్తావు?" అన్నాడు గిడ్డయ్య.

"తుప్పు పట్టిందేమోనని."

లాలప్ప పటకారు తీసుకున్నాడు. మొదటి నాడా పీకాడు. మేకులు మట్టిలో పడ్డాయి. గిడ్డయ్య కాలితో వాటిని తొక్కి తోసేశాడు. రెండోది పీకాడు. నేను అతని మోకాలి పక్కన నేలమీద ఉన్నాను. ఒక్క మాట అను మనిషీ అనుకున్నాను. మూడోది పీకాడు. నా యజమాని గురించి నేను సిగ్గుపడింది జీవితంలో ఆ మూడు నాడాలంత సేపే.

అప్పుడు సంత అవతలి కొస నుంచి ఒక గొంతు వినిపించింది.

"మచ్చన్నా!"

కాళ్ళు కట్టి పడేసిన ఎద్దు మెడ ఎత్తి అరిచింది. గుంజకు కట్టిన రెండో ఎద్దు కూడా అరిచింది. ఉరుకుందమ్మ పశువులను తోసుకుంటూ వచ్చింది. నాలుగు రోజులుగా ఊరూరా అడుగుతూ నడిచిందట. కాళ్ళకు గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి. ఎద్దు మెడ పట్టుకుని కూర్చుంది.

జమేదారు నరహరిరావు తీరిగ్గా వచ్చాడు. వెనక బసిరెడ్డి.

"ఇవి నా ఎద్దులు సామీ. పిలిస్తే పలికినాయి సూడు."

"ఎద్దు సాక్ష్యం చట్టంలో లేదమ్మా. గుర్తులు చెప్పు."

ఆమె చెప్పింది. నుదుట తెల్లమచ్చ. బారెడు కొమ్ములు. తొడమీద శూలం వాత.

"తెల్లమచ్చ అంటివి, నల్లగుంది. బారెడు కొమ్ములు అంటివి, జానెడు ఉన్నాయి. శూలం అంటివి, ఈడ చక్రముంది. నువ్వు ఈ ఎద్దును చూస్తున్నావా, కలలో ఎద్దును చూస్తున్నావా?"

బసిరెడ్డి నవ్వాడు, వెంటనే జనం నవ్వారు. బసిరెడ్డి చీటీ చూపించాడు. ఆ జతను పొద్దున్నే అవతలి ఒడ్డు బేరగాడు సిద్ధలింగప్ప కొన్నాడని, ముద్ర పడిందని చెప్పాడు. సిద్ధలింగప్ప అక్కడే ఉన్నాడు. ముసలివాడు, చూపు ఆనదు. పశువును చేత్తో తడిమి వయసు చెప్పగలడు, అందుకే రెండు ఒడ్డులవాళ్ళూ అతని మాట నమ్ముతారు.

"పొద్దు నడినెత్తికొస్తే రేవు తీస్తారు" అన్నాడు జమేదారు. "ఎద్దులు దాటిపోతాయి. దాటినాక నేనేం చెయ్యలేను. అంతలోగా ఒక్క గుర్తు చూపించు. లేకుంటే దొంగ ఫిర్యాదని నిన్నే ఠాణాలో కూర్చోబెడతా."

పొద్దు అప్పటికే చావడి కప్పు మీదికి వచ్చింది. ఎద్దులు ఏరు దాటితే గార్లదొడ్డిలో ఆ ఏడు ఆమె చేనులో విత్తనం పడదు. అది అక్కడున్న ప్రతి రైతుకూ తెలుసు. తెలిసే నేలచూపులు చూశారు.

ఉరుకుందమ్మ చుట్టూ చూసింది. లాలప్పను చూసింది. తర్వాత నన్ను చూసింది.

"నువ్వా! పన్నూడిన సుత్తోడివి గదా? మా ఊరొస్తివి గదప్పా. ఈ కాళ్ళు నువ్వు కొట్టినవే గదా? చెప్పు!"

గిడ్డయ్య లాలప్ప చెవి దగ్గర వంగి, "పీకు, పీకు, బిన్న పీకు" అని తొందరపెట్టాడు. ఇంకా మచ్చన్న కాళ్ళకు ఐదు నాడాలున్నాయి, కారన్నవి ఎనిమిదీ ఉన్నాయి. పటకారు పడితే ఒక గంటలో అన్నీ మట్టిలో కలిసిపోతాయి.

లాలప్ప పటకారు కింద పెట్టాడు. నన్ను తీసుకున్నాడు.

బసిరెడ్డి నవ్వుతూ వచ్చి అతనికి ఎదురుగా కూర్చున్నాడు. భుజం మీది తువ్వాలు తీశాడు.

పశువుల సంత సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అక్కడ బేరం నోటితో జరగదు. ఇద్దరూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. వేళ్ళు పట్టి వదిలి, నొక్కి, ఎంతకు అడిగేదీ ఎంతకు ఇచ్చేదీ చెప్పుకుంటారు. పక్కనున్నవాడికి తెలియదు. కుదిరితే తువ్వాలు తీసి ఇద్దరూ లేస్తారు, కుదరకపోయినా తీసి లేస్తారు. గుడ్డ కింద ఏమనుకున్నారో బయట చెప్పినవాడిని మళ్ళీ ఎవడూ సంతకు రానివ్వడు. మనిషి నోటికంటే వేలికే ఎక్కువ మర్యాద ఇచ్చిన చోటు అదొక్కటే చూశాను.

బసిరెడ్డి అంతమంది ముందు లాలప్ప కుడిచేతి మీద తువ్వాలు కప్పాడు. ఆ చేతిలో నేనున్నాను. చీకటి. పొగాకు వాసన. లావుపాటి వేళ్ళు వచ్చి లాలప్ప వేళ్ళను పట్టుకున్నాయి. రెండు వేళ్ళు నొక్కాయి. ఆగాయి. ఐదు వేళ్ళూ నొక్కాయి. ఆ లెక్కలో లాలప్పకు ఏం ముట్టేదో నాకు తెలియదు. లాలప్ప వేళ్ళు కదలకపోయేసరికి ఆ లావు చెయ్యి ఒకసారి అతని మణికట్టును వెనక్కి వంచింది. అది కూడా బేరంలో భాగమే. ఇంతకుముందు నాడాలు కొట్టినవాడి చెయ్యి విరిగిందని చెప్పాడుగా.

నది వైపు నుంచి రేవు మనిషి కేక వినిపించింది, తాడు తీస్తున్నామని.

లాలప్ప వేళ్ళు వదులయ్యాయి. ఒప్పుకున్నాడు అనుకున్నాను. కాదు. నన్ను తిప్పి, పిడితో సహా, బసిరెడ్డి అరచేతిలో పెట్టి, అతని వేళ్ళను నా చుట్టూ మూసి, తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బసిరెడ్డి బొటనవేలు నా పెచ్చు మీద పడింది. ఆ వేలు చల్లబడడం నాకు తెలిసింది.

"తువ్వాలు తియ్యి రెడ్డీ" అన్నాడు లాలప్ప. "నా జవాబు నీ చేతిలో ఉండాది. అందరికీ చూపించు."

బసిరెడ్డి తియ్యలేదు. ఉరుకుందమ్మ తీసింది. ఒక్క గుంజు గుంజింది. సంత గుత్తేదారు నాలుగు వందల మంది ముందు సుత్తి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎవరో ఫక్కుమన్నారు. ఆ ఊళ్ళో బసిరెడ్డి నవ్వకముందు ఇంకొకరు నవ్వడం అదే మొదలు.

లాలప్ప నన్ను వెనక్కి తీసుకున్నాడు. సంచిలోంచి కొత్త మేకు తీసి పక్కనున్న గుంజకు ఆనించాడు. మూడు దెబ్బలు, అంచుతో నాలుగోది. నేను ఎన్ని వేల మేకులు కొట్టానో నాకు తెలియదు. ఆ ఒక్క మేకు మాత్రం ఇప్పటికీ గుర్తుంది. ఇంత చక్కగా ఎప్పుడూ పడలేదు.

"సిద్ధలింగప్ప తాతా, నీ బొటనేలు ఈ మేకు మీద పెట్టు. పెట్టినావా? ఇప్పుడు ఆ గిట్ట మీద పెట్టు."

ముసలివాడు పెట్టాడు. ఒక్కొక్క నాడా, ఒక్కొక్క మేకు తడిమాడు. కారన్న దగ్గరికి నడిపించమన్నాడు, ఒక కాలు ఎత్తించి తడిమాడు. తొందరపడలేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది.

"గింజ తగులుతా ఉంది. ఈ గుంజ మీది మేకు, ఈ కాళ్ళలో మేకులు ఒక్క అమ్మకు పుట్టినవే" అన్నాడు. తర్వాత బసిరెడ్డి వైపు చూపు లేని మొగం తిప్పాడు. "నలబై ఏండ్లు గుడ్డ కింద బేరం చేసినా రెడ్డీ. దొంగ సొమ్మని తెలిసి ఒక్క తోక పట్టుకోలే. నీ చీటీ నువ్వే పెట్టుకో."

అక్కడి నుంచి జరిగింది ఎవరూ ఎవరికీ చెప్పి చేసింది కాదు. పొద్దున కొన్న బేరగాళ్ళు తమ ఎద్దుల కాళ్ళు ఎత్తి చూడడం మొదలుపెట్టారు. నుదుళ్ళు గోకి చూశారు. ఒకడు తడిగుడ్డతో మసి తుడిస్తే వాత కింద ఇంకో వాత కనిపించింది. చీటీలు ఒక్కొక్కటిగా బసిరెడ్డి కాళ్ళ ముందు పడ్డాయి. నది దగ్గర రేవు తాడు తీసే ఉంది. ఒక్క ఎద్దు దాటలేదు.

జమేదారు నరహరిరావు మొదట బసిరెడ్డిని చూశాడు, తర్వాత జనాన్ని చూశాడు, మళ్ళీ బసిరెడ్డిని చూడలేదు. జేబులోంచి పుస్తకం తీశాడు. ఆ పుస్తకంలో కాగితాలన్నీ తెల్లగా ఉండడం నేను చూశాను.

"ఇది ముద్దాయికి వ్యతిరేకంగా ముఖ్యమైన సాక్ష్యం" అన్నాడు, అప్పటిదాకా తానే వెతుకుతున్నట్టు. "సుత్తిని స్వాధీనం చేసుకుంటున్నా."

"అది లేకుంటే నాకు కూడు లేదు సామీ" అన్నాడు లాలప్ప.

"అది కోర్టుకు పోకుంటే ఆమెకు ఎద్దులు లేవు. నీ ఇష్టం."

ఆ రోజంతటిలో ఆయన చెప్పిన ఒక్క నిజం అది. లాలప్ప నన్ను చూశాడు. ఎనిమిదేళ్ళు అతని చేతిలో ఉన్నాను. పిడిమీద అతని బొటనవేలి గుంట పడింది, ఇంకొకరి వేలు అందులో ఇమడదు.

ఉరుకుందమ్మ అడ్డం వచ్చింది. "ఇస్తాడు. కానీ నీ సంచిలో వెయ్యకు సామీ. గుడ్డలో కట్టు, ఇంతమంది ముందర లక్క ముద్ర వెయ్యి. తాత కూడా తన ఉంగరం ముద్ర వెయ్యాల. దారిలో మాయమయ్యే సుత్తి నాకొద్దు."

జనం మళ్ళీ నవ్వారు. జమేదారు కూడా నవ్వాల్సి వచ్చింది. బసిరెడ్డి తువ్వాల్లోనే నన్ను చుట్టారు. వేరే గుడ్డ దొరకలేదు.

ముడి వేసే ముందు లాలప్ప బొటనవేలితో నా పెచ్చును ఒకసారి తుడిచాడు. "కేసు అయిపోయినాక వచ్చి తీసుకుంటా" అన్నాడు, నాతోనో జమేదారుతోనో. తర్వాత గుర్రం డెక్కల చప్పుడు వినిపించింది. తీరిగ్గా, నడక చప్పుడే. ఎవరూ అతణ్ణి ఆపలేదు. గిడ్డయ్య దారి వదిలి పక్కకు జరిగాడని తర్వాత ఉరుకుందమ్మ ఎవరికో చెబుతుంటే విన్నాను.

తాలూకా కోర్టులో విచారణ మూడు వాయిదాలు నడిచింది. లాలప్ప రెండో వాయిదాకు వచ్చి సాక్ష్యం చెప్పి వెళ్ళాడు. బసిరెడ్డి వకీలు, ఏ సుత్తి కొట్టినా అలాగే పడుతుందని వాదించాడు. మేజిస్ట్రేటు అయితే తెప్పించండి అన్నాడు. ఊళ్ళోని తొమ్మిది సుత్తులు తెప్పించారు. కోర్టు హాల్లో ఒక దుంగ పెట్టి పది మేకులు కొట్టించారు, ఏది ఎవరిదో చెప్పకుండా. మేజిస్ట్రేటు కళ్ళద్దాలు తీసి, వేలితో తడిమి, ఏడో మేకు దగ్గర ఆగాడు. ఆ తొమ్మిదింటికీ మూతులు నున్నగా ఉన్నాయి. ఒకటి నన్ను చూసి ఎగతాళి చేసింది కూడా. ఏడో మేకు తర్వాత ఏమీ అనలేదు.

ఎద్దులు గార్లదొడ్డికి వెళ్ళాయి. బసిరెడ్డికి ఏడాది జైలు, సంత గుత్త పోయింది. జమేదారు నరహరిరావుకు చురుకుగా పనిచేసినందుకు మెచ్చుకోలు కాగితం వచ్చింది. ఆయన దానికి చట్రం కట్టించుకున్నాడట.

నా మెడకు చీటీ కట్టారు. సొత్తు నంబరు ఒకటి. రికార్డు గదిలో కొడవలికీ, ఇత్తడి చెంబుకూ మధ్య నాకు చోటిచ్చారు. సొత్తు సొంతదారు స్వయంగా వచ్చి వేలిముద్ర వేస్తే ఇచ్చేయాలని తీర్పులో ఉంది. నేను ఎదురుచూశాను. రికార్డు గదిలో కాలం ఎలుకలు కొరికిన కాగితాలను బట్టి తెలుస్తుంది. రెండేళ్ళ మందం కొరికాయి. లాలప్ప రాలేదు.

వచ్చింది ఉరుకుందమ్మ. కొంగుముడి విప్పుతూ గుమాస్తా ముందు నిలబడింది.

"ఆ సుత్తి ఆయనకు ఇయ్యల్ల గదా సామీ. ఇట్లియ్యి, నేనిస్తా."

"ఆయనే రావాలమ్మా. నీకివ్వడానికి లేదు."

"ఆయన రాడంట. మొన్న మా ఊరొచ్చినాడు. మల్లా నాడాలు కొట్టినాడు, పాట పాడుకుంటా. ఏమప్పా నీ సుత్తి కోర్టులోనే పెట్టుకుంటివే అంటే, ఉండనియ్ అక్కా, దానికి సర్కారు కొలువు దొరికింది, నేనెందుకు మానిపించాల అన్నాడు."

గుమాస్తా నవ్వాడు. ఆమె కొంగుముడిలోంచి ఒక మేకు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది సూడు. కొత్త సుత్తితో కొట్టిందే. మచ్చన్న కాలిది, వంకర పోయిందని పీకేసినాడు. తలకాయ సూడు."

గుమాస్తా వేలు పెట్టాడు. మళ్ళీ పెట్టాడు. "గింజ ఉందే! కొత్త సుత్తికీ పన్నూడిందా?"

"నేనూ అదే అడిగితి. ఊడలే అక్కా, ఆకురాయితో నేనే ఊడగొట్టినా అన్నాడు. ఇప్పుడు ఏటికి రెండు పక్కలా యా ఎద్దు పోయినా మొదట ఈ గింజనే ఎతుకుతారంట."

నన్ను ఆమె చేతికి ఇవ్వలేదు. చట్టం ఒప్పుకోదు. ఆమె బతిమాలలేదు. వెళుతూ, ఆ మేకును నా చీటీ దారానికి గుచ్చమని గుమాస్తాను అడిగింది. అది ఏ నిబంధనలోనూ లేదు, వద్దని కూడా ఏ నిబంధనలోనూ లేదు. ఆయన గుచ్చాడు.

ఇప్పుడు గదిలో నా పక్కన కొడవలి లేదు, చెంబు లేదు. సొంతదారులు వచ్చి తీసుకుపోయారు. నా చీటీ మీద సిరా వెలిసిపోయింది. ఏడాదికోసారి ఎవరో వచ్చి దుమ్ము దులిపి, నన్ను తిరగేసి, అయ్యో పెచ్చు ఊడిందే అంటారు. నేను పట్టించుకోను. నా పెచ్చు నీళ్ళ తొట్టిలో దానంతట అది ఊడింది. ఎక్కడో ఏటి గట్టున, నున్నటి మూతి ఉన్న ఒక కొత్త సుత్తికి, తెలిసి తెలిసి, నాలాగే ఉండాలని, ఆకురాయి పెట్టారు.